జంగయ్య ఉస్తాద్ గుట్టరోడ్డు

అక్టోబరు 12, ఆదివారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. ఆకాశం నిర్మలం. దసరా వెళ్ళి తొమ్మిది రోజులు.
కారులో ఉన్నవారు:
స్టీరింగు దగ్గర నేను.
ఎడమ పక్క, రెండో క్లచ్చూ రెండో బ్రేకూ ఉన్న సీట్లో జంగయ్య ఉస్తాద్.
నా వెనక సీట్లో ఉస్తాద్ కూతురు యాదమ్మ.
ఆమె పక్కన, ఒళ్ళో పులిహోర డబ్బాతో నా భార్య శారద.

ఈ డైరీ పేజీ మళ్ళీ తెరవడానికి కారణం ఒక వాసన. ఈ ఉదయం మా అపార్ట్‌మెంటు కింది ఫ్లాటు ఆయన కొత్తగా కొన్న కారును సెల్లారులోంచి పైకి ఎక్కించలేక అవస్థ పడుతున్నాడు. కారు జానెడు ఎక్కడం, బారెడు వెనక్కి జారడం. నేను రెండో అంతస్తు బాల్కనీలో కాఫీ గ్లాసుతో నిలబడి ఉన్నాను. కాలిన క్లచ్చు వాసన పైకి వచ్చింది. రబ్బరూ కొబ్బరి పీచూ కలిపి కాల్చినట్టుండే ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మరిచిపోవడం కష్టం. నా ఎడమ పాదం దానంతటదే నేలను అదిమింది. "సగం ఒదులు సారు, సగం. మొత్తం ఒదిలితె బండి సస్తది, అసలే ఒదలకపోతె క్లచ్చు సస్తది" అన్న గొంతు చెవి పక్కనే వినిపించింది. జంగయ్య ఉస్తాద్ పోయి మూడేళ్ళయింది. కాఫీ పూర్తి చేసి, గ్లాసు కడిగి బోర్లించి, బీరువా కింది అరలోంచి ఆ ఏటి డైరీ తీశాను.

నేను రిటైరయ్యేదాకా స్కూటరు దాటి నడపలేదు. ఒక ప్రభుత్వ కార్యాలయంలో రికార్డుల సెక్షనులో ఉద్యోగం. మాది తెనాలి దగ్గర పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో అద్దెకు దిగినవాళ్ళం, చివరికి అక్కడే ఉండిపోయాం. నేను రిటైరైన ఏడాదే శారద మోకాళ్ళు ఇక బస్సు మెట్లు ఎక్కలేమని మొండికేశాయి. మా బావమరిది వాడకుండా పడేసిన కారొకటి తెచ్చి మా సెల్లారులో పెట్టి వెళ్ళాడు. నేర్చుకుందామని మెయిన్ రోడ్డు మీద ఒక డ్రైవింగు స్కూలుకు వెళితే, అక్కడి కుర్రాడు పది రోజులపాటు స్టీరింగు తనే పట్టుకుని నాకు ఊరు చూపించాడు. లైసెన్సు పరీక్షలో మొదటి మలుపులోనే ఇంజను ఆగింది. అప్పుడు మా వీధిలో ఇస్త్రీ చేసే అతను చెప్పాడు. "సరూర్‌నగర్ చెరువు ఎనక గల్లీల జంగయ్య ఉస్తాద్ ఉంటడు సార్. తిడ్తడు గాని, ఆయిన దగ్గర నేర్సినోడు ఎవ్వన్నీ గుద్దడు."

రేకుల షెడ్డు, చేత్తో రాసిన బోర్డు, పాత తెల్ల కారు. ఉస్తాద్‌ది నల్లగొండ వైపు పల్లె. ముప్పై ఏళ్ళు లారీ నడిపి, ఆ తరువాత ఈ స్కూలు పెట్టారట. ఖాకీ చొక్కా, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. ఆయన నన్ను పై నుంచి కింది దాకా చూసి, "కండ్లు మంచిగున్నయా సారు?" అని అడిగారు. అద్దాలు పెట్టుకుంటే బాగానే కనిపిస్తుందని చెప్పాను. "కనపడుడు వేరు, చూసుడు వేరు. సరే, కూసో" అన్నారు. అందరినీ నువ్వు అనే పిలిచేవారు. మొదట్లో నాకు కొంచెం గుచ్చుకుంది. వారం తిరిగేసరికి ఆ పిలుపు వినకపోతే తోచేది కాదు.

ఆయన పద్ధతి నేను మరెక్కడా చూడలేదు. నడుపుతున్నంత సేపూ కంటికి కనిపించింది బయటికి పలుకుతూ ఉండాలి. నోరు మూస్తే ఆయన కాలు బ్రేకు మీద పడేది. మొదటి రోజు చైతన్యపురి వైపు వీధిలో, "ముంగట ఏమున్నది?" అని అడిగారు. "ఏమీ లేదండీ, ఖాళీగానే ఉంది" అన్నాను. కారు టక్కున ఆగింది.

"కాళీనా? దిల్‌సుఖ్‌నగర్‌ల రోడ్డు కాళీ ఉంటదా? ఒక్కొక్కటి చెప్పు."

"ఎడమ పక్క అరటిపళ్ళ బండి. దాని వెనక ఒకావిడ. కుడిపక్క గేదె."

"బర్రె ఏం జేస్తుంది?"

"రోడ్డు దాటబోతోంది."

"దాటుత అని నీకు చెప్పిందా? నిలవడ్డది. తలకాయ ఇటు దిక్కున్నది. గంతే చెప్పు. చూసిందే పలుకు సారు, అనుకున్నది పలకకు."

మరొకసారి, ముందు వెళ్తున్న ఆటో ఆగుతుందని చెప్పాను. "ఆగుతడని నీకెట్ల ఎర్క? వాడు నీకు ఫోన్ చేసిండా? ఆటో ఎడమకు ఒంగింది, గది చెప్పు" అన్నారు. ఇండికేటరు వేసినా సరే, మలుపు తిరిగేటప్పుడు చెయ్యి కూడా బయటికి చాపాల్సిందే. ఎందుకని అడిగితే, "లైటు కాలిపోవచ్చు. చెయ్యి కాలిపోదు గద" అన్నారు. ఉస్తాద్ దగ్గర నేర్చుకునే కోచింగు సెంటర్ల పిల్లలు ఈ పలుకుడు చూసి లోలోపల నవ్వుకునేవారు. నేనూ మొదట నవ్వుకున్నాను. కానీ పద్ధతి అంటే నాకు మొదటి నుంచీ గౌరవం. ఇంటికి వచ్చాక ఆ రోజు ఏమేం పలికానో, ఏవి పలకడం మరిచానో రెండు వరుసలుగా డైరీలో రాసేవాణ్ణి. రాస్తూ రాస్తూ ఒకరోజు నా పాత డైరీలు తిరగేశాను. ఏళ్ళ తరబడి నేను రాసిందంతా అనుకున్నదే, చూసింది చాలా తక్కువ. 'సూపరింటెండెంటు నన్ను అవమానించాడు.' 'పక్కింటివాళ్ళకు మా మీద అసూయ.' 'శారద ఇవాళ కోపంగా ఉంది.' ఆ ఆఖరి వాక్యం నెలలో ఐదారు సార్లు కనిపించింది.

ఆ సాయంత్రం శారద మాట్లాడకుండా మంచం మీద కూర్చుని ఉంది. అలవాటు ప్రకారం కోపంగా ఉందని రాయబోయి ఆగిపోయాను. కనిపించింది రాశాను: 'శారద మాట్లాడటం లేదు. కుడి మోకాలి మీద చెయ్యి ఉంది. నూనె సీసా మూత తీసి ఉంది. సీసా ఎడమ చేతిలోనే ఉంది.' రాసి, చదువుకుని, లేచి వెళ్ళి నూనె సీసా తీసుకున్నాను. తను ఆశ్చర్యంగా చూసింది. "ఏమండీ, ఇవాళ ఏమైంది మీకు?" అంది. ఏమీ కాలేదన్నాను. ముప్పై మూడేళ్ళ కాపురంలో నేను కోపమని రాసుకున్న రోజుల్లో ఎన్ని రోజులు నొప్పో లెక్క తేలదు. డ్రైవింగు నేర్పిన మనిషి గురించి ఇంత రాయడం ఎందుకని ఎవరైనా అడిగితే, ఈ నూనె సీసా సంగతి చెబుతాను.

ఆగస్టు నుంచి యాదమ్మ కూడా కారులో రావడం మొదలుపెట్టింది. ముప్పై అయిదేళ్ళ మనిషి. తండ్రి దగ్గరే నేర్చుకుని, ఒక స్కూలు వ్యాను నడిపేది. పొద్దున వ్యాను ఎక్కే ముందు గంటసేపు మాతో వచ్చి వెనక సీట్లో, నా వెనకే కూర్చునేది. "ఇంట్ల తోస్తలేదు అంకుల్" అనేది. ఉస్తాద్ విసుక్కునేవారు. "ఇంట్ల తోయకపోతె కూరగాయలు తరుగు. నా బండ్ల ఏం పని?" "నీ బండేం కరిగిపోదు తియ్యి" అని ఆమె జవాబు. తండ్రీ కూతుళ్ళు ఒకరినొకరు తిట్టుకునే తీరు వినడానికి బాగుండేది.

సెప్టెంబరులో ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్ పూలబజారు దగ్గర, బతుకమ్మ పువ్వు కోసం జనం రోడ్డు మీదికి వచ్చేశారు. నేను తంగేడు మోపులు మోసుకెళ్తున్న ఆడవాళ్ళను పలికాను, ఎదురుగా వస్తున్న బస్సును పలికాను. గునుగు పువ్వు నింపిన తోపుడుబండి ఒకటి సందులోంచి వచ్చింది. అది పలకలేదు. బస్సును చూస్తున్నాను. "నాయినా, బండి" అని వెనక నుంచి యాదమ్మ అరిచింది. ఉస్తాద్ కాలు అప్పుడు బ్రేకు మీద పడింది. బంపరుకూ బండికీ మధ్య బెత్తెడు ఖాళీ. తెల్ల గునుగు పువ్వులు బానెట్ మీద రాలాయి. బండి అతను మమ్మల్ని చెడామడా తిట్టి వెళ్ళాడు. ఉస్తాద్ నుదుటి చెమట తుడుచుకుని, "నువ్వు పలకలె సారు" అన్నారు. "పొరపాటండీ" అన్నాను. "నువ్వు పలకలె" అని మళ్ళీ అన్నారు, ఈసారి చాలా మెల్లగా. పద్ధతి తప్పినందుకు మందలింపు అనుకున్నాను. డైరీలో కూడా అలాగే రాశాను. చూసిందే పలకమని నేర్పిన మనిషి విషయంలోనే నేను అనుకున్నది రాశాను.

ఉస్తాద్ దగ్గర ఆఖరి పాఠానికి ఒక ఆనవాయితీ ఉండేది. వానలు వెనకబట్టి, ఆకాశం తేటపడి, సీతాఫలాలు బజారుకు వచ్చే రోజుల్లో నేర్చుకున్నవాళ్ళకు అది దక్కేది. నాగోల్ దాటాక మూసీ ఒడ్డునే ఒక రాతి గుట్ట ఉంది. దాని నడుము చుట్టూ తిరిగి పైకి ఎక్కే రోడ్డును ఆయన గుట్టరోడ్డు అనేవారు. సగం ఎత్తులో కారు ఆపించి, వెనక చక్రానికి ఆనించి ఒక అగ్గిపెట్టె పెట్టేవారు. కారు వెనక్కి జారకుండా ముందుకు కదలాలి. అగ్గిపెట్టె నలిగితే మరో పది రోజులు పాఠం. నలగకపోతే పైకి తీసుకెళ్ళి, కింద ఉన్న నదినీ ఊరినీ చూపించి, తిరుగు ప్రయాణంలో తన కాళ్ళు పెడళ్ళ మీద నుంచి తీసేసేవారు. కాళ్ళు తీశారంటే పాసైనట్టే.

నా స్వభావం కొద్దీ, ముందటి బుధవారమే స్కూటరు మీద ఒక్కణ్ణే ఆ గుట్ట ఎక్కి వచ్చాను. ఎన్ని మలుపులు, ఎక్కడ గుంత, పైన బండి తిప్పే చోటు ఎంత వెడల్పు, అన్నీ రాసుకున్నాను. పైన నిలబడి కనిపించినవీ రాశాను. నది వంపు. వంతెన. మెట్రో స్తంభాలు, రైలు ఇంకా జనానికి మొదలు కాలేదు. ఇవతలి ఒడ్డున గేదెల కోసం పెంచే పచ్చగడ్డి మళ్ళు. అవతలి ఒడ్డున మూడు తాటి మొద్దులు, మీద గడ్డి మొలిచింది. పక్కన నీలం రేకుల షెడ్డు.

ఆదివారం పొద్దున శారద తనూ వస్తానంది. "మీరు పాసవుతారో లేదో నా కళ్ళతో చూడాలి" అని పులిహోర కలిపింది. ఎల్బీనగర్ చౌరస్తా ఆ వేళ ఇంకా నిద్ర లేవలేదు. నాగోల్ వైపు తిరిగి గుట్ట దగ్గరికి వచ్చేసరికి ఎండ పడుతోంది. గుట్ట మొదట్లో ఆడవాళ్ళు గంపల్లో సీతాఫలాలు పెట్టుకుని కూర్చున్నారు. రోడ్డు పక్కన కోయగా మిగిలిన తంగేడు పచ్చగా ఉంది. నేను పలుకుతూ ఎక్కించాను. మొదటి మలుపు, కుడివైపు బండ, ఎదురుగా సైకిలు, సైకిలు వెనక గడ్డిమోపు. శారద వెనక నుంచి, "అన్నయ్యగారూ, ఈయన ఇంట్లో కూడా ఇలాగే మొదలుపెట్టారు. 'కూరలో ఉప్పు లేదు' అనడం మానేసి 'నాలుకకు ఉప్పు తగల్లేదు' అంటున్నారు" అని ఫిర్యాదు చేసింది. ఉస్తాద్ పకపకా నవ్వారు. "మంచిగయింది చెల్లె. ఉప్పు ఉన్నదో లేదో నీకెర్క, నాలుక సంగతి ఆయినకెర్క."

సగంలో ఆపాను. ఉస్తాద్ దిగి అగ్గిపెట్టె పెట్టి వచ్చారు. సగం క్లచ్చు, కొంచెం ఆక్సిలరేటరు, కారు వణికింది, హ్యాండు బ్రేకు వదిలాను. కారు ముందుకే కదిలింది. నాలుగడుగులు పోయాక ఆపమన్నారు. అద్దంలో చూస్తున్నాను. ఆయన మళ్ళీ దిగి వెనక్కి నడిచి, రోడ్డు మీద కూర్చుని, అరచేత్తో నేలను తడుముతూ వెతికారు. అగ్గిపెట్టె ఆయన మోకాలికి జానెడు దూరంలో, ఎర్రగా, ఎండలోనే ఉంది. చివరికి వేళ్ళకు తగిలింది. తీసుకుని, నాలుగు మూలలూ బొటనవేలితో నొక్కి చూసుకుని, జేబులో వేసుకున్నారు. "నలగలె" అన్నారు. లోపలి అద్దంలో యాదమ్మ ముఖం కూడా కనిపించింది. ఆమె నన్నే చూస్తోంది.

పైన బండి తిప్పే చోట పిట్టగోడ ఉంది. కారు ఆపి అందరం దాని దగ్గర నిలబడ్డాం. నది కింద అర్ధచంద్రంలా వంగి ఉంది. వంతెన దగ్గర నురగ తెల్లగా తేలుతోంది. గడ్డిమళ్ళ మీద కొంగలు. దూరంగా ఊరు పొగమంచులో ఒక్కో అంతస్తే బయట పడుతోంది. శారద ఇరవై ఎనిమిదేళ్ళుగా ఈ ఊళ్ళో ఉండి దీన్ని ఇలా ఎప్పుడూ చూడలేదంది. "మూసీకి కంపు ఉంటది చెల్లె. మీదికెళ్ళి చూస్తె కంపు కనపడది" అన్నారు ఉస్తాద్. తువ్వాలు గోడ మీద పరిచి, చెయ్యి చాపారు.

"అగో, అవతలి ఒడ్డుకు మూడు తాటిచెట్లు చూసిన్రా? నడిమి దానికి పిడుగు వడి తల పోయింది. లారీ తోలినప్పుడు రాత్రంత నడిపి నడిపి, పొద్దుగాల్ల ఈడ ఆపి చూస్తుంటి. మూడు తాటిచెట్లు కనపడ్డయంటె ఇల్లొచ్చినట్టు. యాదమ్మకు ఆరేండ్లప్పుడు దీని తల్లి పోయింది. లారీల నా పక్కన కూసోపెట్టుకొని తిప్పిన. ఏడిస్తె గీడికి తెచ్చి గా మొండి చెట్టు చూపెడుతుంటి. నవ్వేది. ఇప్పటికీ ఎట్ల నిలవడ్డయో చూడున్రి."

ఆయన వేలు సరిగ్గా ఆ మొద్దుల వైపే ఉంది. పక్కనే నీలం రేకులు ఎండకు మెరుస్తున్నాయి. శారద "ఎక్కడండీ?" అని అడగబోయి, నా ముఖం చూసి ఆగింది. యాదమ్మ నదిని చూస్తూ నిలబడింది.

అప్పుడు అన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడ్డాయి. తోపుడుబండి. 'నువ్వు పలకలె' అన్న ఆ మెల్లని గొంతు. వెనక సీట్లో తోచని యాదమ్మ. నేలను తడిమిన అరచెయ్యి. రికార్డులు సర్దడం నా వృత్తి. ఏ కాగితం ఏ ఫైలుదో తెలుసుకోవడానికి నాకు ఇంకేమీ అక్కర్లేదు. ఉస్తాద్‌కు కనిపించడం లేదు. నేర్చుకునేవాళ్ళు పలికిందే ఆయనకు రోడ్డు. నేను నోరు విప్పితే ఆయన స్కూలు మూతపడుతుంది. విప్పకపోతే రేపు ఇంకో నేర్చుకునేవాడు ఇంకో తోపుడుబండిని పలకడం మరుస్తాడు, ఆ రోజు వెనక సీట్లో యాదమ్మ ఉండకపోవచ్చు. పెద్దవాళ్ళ ముందు తలూపడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. ఆఫీసులో అదే నన్ను రిటైర్‌మెంటు దాకా క్షేమంగా చేర్చింది. నా తల అప్పటికే సగం ఊగింది.

"చెప్పు సారు" అన్నారు ఉస్తాద్. "ఆఖరి పరీక్ష. ఏం కనపడుతుందో ఒక్కొక్కటి పలుకు."

పలికాను. వంతెన. దాని మీద రెండు బస్సులు. నురగ. గడ్డిమోపు తలకెత్తుకున్న ఆడమనిషి. కొంగలు, పదకొండు. స్తంభాలు. అవతలి ఒడ్డున బట్టలు ఆరేసిన బండలు. అక్కడ ఆగిపోయాను.

"తాటిచెట్లు చెప్పలె."

శారద నా మోచెయ్యి పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో రాయను, పట్టుకుందని మాత్రం రాస్తాను.

"తాటిచెట్లు లేవు ఉస్తాద్ గారూ. మూడు మొద్దులు ఉన్నాయి. పక్కన నీలం రేకుల షెడ్డు ఉంది."

ఆయన చెయ్యి అలాగే చాపి ఉంది. కాసేపటికి దించారు. "ఎన్నడు కొట్టిన్రు?"

"తెలియదండీ. బుధవారం నేను చూసినప్పుడు మొద్దుల మీద గడ్డి మొలిచి ఉంది."

"గడ్డి మొలిచిందంటె ఏడాది దాటింది." ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. "నిరుడు పన్నెండు మందిని తెచ్చిన ఈడికి. పన్నెండు మందికీ చూపెట్టిన. అందరు 'అవును ఉస్తాద్, మంచిగున్నయి ఉస్తాద్' అని తలలూపిన్రు." నవ్వబోయారు కానీ నవ్వు రాలేదు. "చూసిందే పలకాలె అని నెత్తీనోరు కొట్టుకున్న గదా సారు. ఒక్కడన్న పలకలె."

కూతురి వైపు తిరిగారు. "నీకెర్కనా?"

"ఎర్కే."

"ఎన్నడి సంది?"

"ఎండాకాలం సంది. ఉప్పు డబ్బ అనుకొని సర్ఫు డబ్బ తెచ్చినవు సూడు, అప్పటి సంది."

"మరెందుకు చెప్పలె?"

యాదమ్మ పిట్టగోడ మీది తువ్వాలు తీసి మడత పెట్టింది. "చెప్తె నువ్వు ఇంట్ల కూసుంటవు. ఇంట్ల కూసుంటె నాకు మిగలవు అనుకున్న నాయినా. గందుకే నీ బండ్ల ఎనక కూసున్న."

 శారద డబ్బా మూత తీసి, ఆకుల్లో పులిహోర పెట్టింది. ముందు ఉస్తాద్ చేతికే ఇచ్చింది. ఆయన తింటూ, మధ్యలో, "దగ్గరియి మసక. దూరానియి లేనే లేవు. బర్రెకూ బస్సుకూ చప్పుడుల ఫరక్ ఉంటది, గదే నా దారి" అన్నారు. కొంచెం ఆగి, "తప్పే" అన్నారు. నేను ఆ మాటను కాదనలేదు. ఆయన మీద ఎంత ప్రేమ ఉన్నా అది తప్పే. కనీసం ఆ వేసవి నుంచి ఆ కారులో కూర్చున్న ప్రతి ఒక్కరి ప్రాణమూ ఇంకొకరి నోటి మీద ఆధారపడింది. ఇది దాచి ఆయన గురించి రాస్తే, ఆయన దగ్గర నేను ఏమీ నేర్చుకోనట్టే.

దిగేటప్పుడు ఆయన చెప్పులు విడిచి, కాళ్ళు రెండూ సీటు మీదికి మడిచి మఠం వేసుకుని కూర్చున్నారు. ఆనవాయితీ ప్రకారం అది నా పాసు. గుట్ట మొదట్లో సీతాఫలాల గంపల దగ్గరి నుంచి మా వీధి దాకా నేను పలుకుతూనే నడిపాను. అంతకు ముందు పరీక్ష కోసం పలికేవాణ్ణి. ఆ రోజు ఆయన చూడాలని పలికాను. ఏ రంగు చీర, ఏ కొట్టు తెరిచారు, ఎవరి వాకిట్లో బతుకమ్మ పూలు ఎండిపోయి ఇంకా ఉన్నాయి, అన్నీ చెప్పాను. ఆయన ఒక్కసారి కూడా దిద్దలేదు.

తరువాతి నెలల్లో యాదమ్మ ఆయన్ను కంటి దవాఖానకు తిప్పింది. కంటి వెనక నరం ఎండిపోయిందనీ, పోయింది రాదనీ, ఉన్నది నిలబెట్టుకోవాలనీ చెప్పారట. ఉన్నదానితోనే ఆయన ఇంకా చాలా ఏళ్ళు బతికారు. నేను ఆ తరువాత శారదను మా కారులో ఎన్ని ఊళ్ళు తిప్పానో డైరీల్లో ఉంది. పెళ్ళిళ్ళలో, సభల్లో, అపార్ట్‌మెంటు మీటింగుల్లో అందరూ తలూపుతున్నప్పుడు నా తల కూడా ఊగబోతుంది. అప్పుడు ఆ పన్నెండు మందీ గుర్తొస్తారు. వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. పెద్దాయన మనసు నొప్పించకూడదనుకున్నారు. అలా అందరూ మర్యాద చేసి చేసి, ఆయన్ను ఒక్కణ్ణే లేని చెట్ల ముందు నిలబెట్టారు. అలాంటి మర్యాదతోనే నేను అరవై ఏళ్ళ దాకా వచ్చాను. ఇప్పుడు చూసింది చెబుతాను, మెల్లగా, పులిహోర పెట్టే పద్ధతిలో.

గుట్ట దిగిన మర్నాడు, అక్టోబరు 13, సోమవారం. ఉదయం ఆరూ ఐదు. వీధిలో ఉస్తాద్ కారు హారను మోగింది. నా పాఠాలు అయిపోయాయి కదా అనుకుంటూ కిందికి దిగాను. స్టీరింగు దగ్గర చైతన్యపురి హాస్టలు అమ్మాయి ఒకతె, భయంతో బిగుసుకుని ఉంది. ఎడమ సీట్లో, రెండో బ్రేకు మీద కాలు పెట్టుకుని యాదమ్మ. నిన్నటిదాకా ఆమె కూర్చున్న చోట, స్టీరింగు వెనక సీట్లో, కిటికీ అద్దం దించుకుని ఉస్తాద్. ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి ఉంది.

"నా సీటు బిడ్డకిచ్చిన. నేను చెవులతోని ఇంట. తప్పు పలికితె తిడ్త. తిట్టుటానికి కండ్లు వద్దు గద" అన్నారు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి నా చేతిలో పెట్టారు. "ఇది నీది. నలగలె." అది ఇప్పుడు ఈ బల్ల మీద, ఇంకు సీసా పక్కన ఉంది.

"పోనియ్యి బిడ్డా. ముంగట ఏమున్నది?" అని అడిగారు.

"ఏమీ లేదండీ" అంది హాస్టలు అమ్మాయి.

"ఇగో, ఇంకో కాళీ రోడ్డు" అన్నారు ఉస్తాద్. యాదమ్మ ఫక్కున నవ్వింది. కారు ఆగింది, వణికింది, మళ్ళీ కదిలింది. మా వీధిలో గతుకులన్నీ ఆయనకు కంఠస్థం. వీధి చివర మూడో గతుకు దాటగానే కుడివైపు ఇండికేటరు వెలిగింది. దానితోపాటే వెనక కిటికీలోంచి ఖాకీ చొక్కా చెయ్యి బయటికి వచ్చి, కుడికి నిటారుగా చాపి నిలబడింది. వెనక ఏ వాహనమూ లేదు. నేనొక్కణ్ణే ఉన్నాను. కారు మలుపు తిరిగేదాకా చూసి, పైకి వచ్చి డైరీలో రాశాను: 'చెయ్యి చూపించారు. కుడికి తిరిగారు.'